గుండెదడ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కూర్చున్నవాడివి కూర్చున్నట్టే ఉండగా నీకు గుండె ఒక్కసారిగా పరుగందుకుంటోందనీ, ఆసుపత్రికి చేరేలోపు తగ్గిపోవడంతో ఈసీజీలో ఏమీ దొరకలేదనీ మీ అమ్మ చెప్పింది. విశ్రాంతిలో నాడి నిమిషానికి 60 నుంచి 100 వరకు ఉండాలి. నాకున్న ఎస్‌వీటీ (గుండె పైభాగంలో మొదలయ్యే వేగపు దడ) అనే రకంలో అది 150 దాటి 220 దాకా పోతుంది. దీని మూలం గుండెలోని విద్యుత్ మార్గాల్లో ఉంటుంది, తిండీ నిద్రా దాన్ని రేపేవి మాత్రమే. అందుచేత అలవాట్లు మార్చుకున్నా డాక్టరు అవసరం తీరదు. దడ నడుస్తుండగానే దగ్గర్లో ఎక్కడైనా ఈసీజీ తీయించుకోవడం నీ మొదటి పని.

నాకు అనుమానమంతా నీ చెరువు కాపలా మీదే. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయేమోనన్న బెంగతో తెల్లవార్లూ గట్టు మీద మేలుకోవడం, మంచినీళ్ల బదులు టీ మీద టీ తాగడం, పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎండలో తిరగడం, ఇవన్నీ ఒకేసారి కలిసొస్తున్నాయి. విడివిడిగా ఒంటికి పట్టే అలవాట్లే ఒకే రాత్రి కూడితే దడ పుట్టించగలవు. మన డెల్టా ఉక్కపోతలో చెమటతో నీరూ లవణాలూ పోతాయి. పొటాషియం, మెగ్నీషియం తగ్గినప్పుడు గుండె లయ తేలిగ్గా తప్పుతుంది. కొబ్బరిబొండం మంచిదే గాని, మూత్రపిండాల జబ్బు ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతున్నా డాక్టరును అడిగాకే తాగాలి.

టీ పూర్తిగా మానమని నేననను, చాలామందికి ఒకటి రెండు కప్పులు ఏమీ చేయవు. ఎనర్జీ డ్రింకుల జోలికి మాత్రం పోవద్దు. మద్యం సంగతి వేరు. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర నిద్ర మాని, తాగి, పీకలదాకా తినే మన మగవాళ్ల సరదా గుండెకు సరదా కాదు. సెలవుల్లో తాగినవాళ్లకు లయ తప్పడం గమనించి 1978లోనే వైద్యులు దీనికి ‘హాలిడే హార్ట్’ అని పేరు పెట్టారు. కల్లును ఇందులోంచి మినహాయించకు. జలుబు మాత్రల అట్ట మీద సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ అని ఉంటే డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

దడ మొదలైతే కూర్చుని 15 సెకన్లు ముక్కినట్టు ఊపిరి బిగపట్టి, వెంటనే వెల్లకిలా పడుకుని కాళ్లు పైకెత్తించుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని ముందుగా డాక్టరు దగ్గర నేర్చుకో. మెడ నరం నొక్కమని ఎవరు చెప్పినా వినకు. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయించు.

మేత లెక్కల పుస్తకం వెనక పేజీలోనే దడ వచ్చిన వేళ, నాడి, ఎంతసేపు ఉన్నదీ, అంతకుముందు రాత్రి నిద్ర, తిన్నవీ తాగినవీ రాసిపెట్టు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షల సంగతి కూడా అడుగు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకంతోపాటు నువ్వు వాడే మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లు.

మీ మావయ్య