టాక్సికాలజీ చదువుతానంటున్న మా చెల్లెలికి మెంటర్ ఎక్కడ దొరుకుతారు?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా చెల్లెలు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయిపోయి టాక్సికాలజీలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. సైన్స్‌లో ఆడవాళ్లకు మెంటర్ ఉండాలని అందరూ అంటున్నారు. అలాంటివాళ్లు ఎలా దొరుకుతారు? ఇంట్లో మేం ఏం చేయాలి?

జవాబు:

మాది దేవరకొండ వైపు. నేను ఈ రంగంలోనే ఉన్నాను. మందు మనిషి దాకా వెళ్లకముందే అది ఎంత మోతాదులో హాని చేస్తుందో చూసే పని, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో. "మందిచ్చే చదువు చదవక విషాల చదువేందే" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు.

ముందు ఈ మెంటర్ల గోల గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను. మార్చి 8న వచ్చి, శాలువా కప్పించుకుని, ఆడవాళ్లు అన్ని రంగాల్లో రాణించాలని అరగంట మాట్లాడి, ఫొటో దిగి వెళ్లిపోయే మనిషి మెంటర్ కాదు. మేం పరిశోధన చేసే చోట ఆ రోజు మాకు ముగ్గుల పోటీ పెట్టేవాళ్లు. పీహెచ్‌డీ చేస్తున్న ఆడపిల్లలకు ముగ్గుల పోటీ! మేం చాక్‌పీసు పొడితో వరండాలో వంగి చుక్కలు పెడుతుంటే, మాతోటి అబ్బాయిలు ఖాళీగా దొరికిన మెషిన్ల మీద హాయిగా వాళ్ల శాంపిళ్లు నడుపుకునేవాళ్లు. సాయంత్రానికి వాళ్ల చేతిలో డేటా, మా చేతిలో ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా.

నా లెక్కలో మెంటర్ చేయాల్సిన పని ఒక్కటే. నువ్వు చేసిన పని గురించి నలుగురిలో మాట వచ్చినప్పుడు నిన్నే ముందు నిలబెట్టి, తను పక్కకు జరగడం. "ధైర్యంగా ఉండు, బాగా చదువుకో" అని మా పక్కింటి అత్తమ్మ కూడా చెప్తుంది, దానికి సైంటిస్టు అక్కర్లేదు. నాకు అలాంటి మనిషి ఒకరు దొరికారు. ఆమెను ఇక్కడ మేడమ్ అనే అంటాను, పేరు రాస్తే ఆమెకు నచ్చదు.

మిషన్ భగీరథ నీళ్లు ఊళ్లకు రాకముందు సంగతి ఇది. నేను ఒక ప్రాజెక్టులో ఫెలోగా చేరాను. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఊరూరా తిరిగి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలవడం మా పని. నల్లగొండ వాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. గార పట్టిన పళ్లు, వంగని నడుములు, వంకర తిరిగిన కాళ్లు చూస్తూనే పెరిగాం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం.

మేడమ్ మొదట నేర్పింది పెద్ద సిద్ధాంతాలు కాదు. శాంపిల్‌కు గాజు సీసా వద్దు, ప్లాస్టిక్‌దే తీసుకో, గాజుతో ఫ్లోరైడ్‌కు పడదు. బోరింగ్‌ను కాసేపు కొట్టి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక పట్టు. అవే నీళ్లతో సీసా కడిగి, అప్పుడు నింపు. ఇంకొకటి, ఇది పుస్తకాల్లో చదివినప్పుడు నేను పట్టించుకోలేదు. మే నెలలో మా శాంపిళ్లు జీపులో వేడెక్కి ఉండేవి, కొలతకు పోల్చుకునే స్టాండర్డ్ ద్రావణాలేమో ఐస్ బాక్సులో చల్లగా ఉండేవి. రెండూ ఒకే వేడికి వచ్చేదాకా ఎలక్ట్రోడ్, అంటే ఫ్లోరైడ్ కొలిచే మీటర్ కడ్డీ, ముంచనిచ్చేవారు కాదు. "తొందరెందుకు, ఇక్కడ చెట్టు ఉంది, నీడ ఉంది, కూర్చో" అనేవారు. ఆ ఎలక్ట్రోడ్‌కు వేడి తేడా వస్తే రీడింగ్ తేడా వస్తుంది. అది నాకు చేత్తో తెలిసింది.

ఒక ఊళ్లో వేపచెట్టు కింద అలాగే కూర్చున్నాం. నేను కింద చాప మీద మీటర్ పెట్టుకుని రీడింగ్ రాసుకుంటున్నాను. మాతో అప్పుడే చేరిన జూనియర్ అబ్బాయి ఒకడు ఐస్ బాక్సు పట్టుకుని నిలబడ్డాడు. సర్పంచ్ గారు వచ్చారు అన్నారు. సర్పంచ్ మహిళే, కానీ వచ్చింది ఆమె భర్త. (ఇది ఇంకో కథ. రిజర్వేషన్ సీటు ఆమెది, కుర్చీ ఆయనది. ఆమె ఇంట్లో మాకు చాయ్ పెడుతోంది.) ఆయన నేరుగా ఆ అబ్బాయి దగ్గరికి పోయి, "ఏం సార్, మా నీళ్లు మంచిగున్నయా?" అని అడిగాడు. వాడు నా వైపు చూశాడు. ఆయన మేడమ్ వైపు చూశాడు. మేడమ్ తలెత్తకుండానే, "కొలిచింది ఆమె. ఆమెనే అడగండి" అని చెప్పి, లేచి జీపు దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడ ఆమెకు పనేం లేదు. సీసాల లేబుళ్లు సర్దుతున్నట్టు నటించారంతే.

నేను లేచి, "పంచాయతీ బోరింగ్ నీళ్లు 1.2 ఉన్నయ్ అన్నా, ఫర్వాలేదు" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. అందరం వెళ్లిపోయేవాళ్లమే. కానీ ఆయన నాతో మాట్లాడుతుండటం చూసి బోరింగ్ దగ్గర బిందె పెట్టుకున్న ఒక పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని నడుస్తోంది.

"గీ నీళ్లు ఎవలు తాగుతరు బిడ్డా? వీటికి పప్పు ఉడుకది. బాసండ్లు తోమనీకె, బట్టలు పిండనీకె వాడ్తం. తాగనీకె, వండనీకె పొలం కాడి బోరు నీళ్లే. అవి తియ్యగుంటయ్" అంది.

ఆ పొలం బోరు నీళ్లు పట్టుకొచ్చి కొలిస్తే 4 దాటింది.

విషయం అర్థమైందా? పప్పు ఉడకని నీళ్లలో కాల్షియం ఎక్కువ. కాల్షియం ఎక్కువున్న చోట ఫ్లోరైడ్ నీళ్లలో ఎక్కువ కరిగి ఉండలేదు, కాల్షియంతో కలిసి గడ్డకట్టి రాయిలోనే ఉండిపోతుంది. మెత్తగా, తియ్యగా ఉండి పప్పు చప్పున ఉడికే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. మన వాళ్లు రుచి చూసి మంచివనుకున్నవే ఒంట్లోకి ఎక్కువ ఫ్లోరైడ్ మోశాయి. మేం కొలుస్తున్నది గిన్నెలు కడిగే నీళ్లు! మగవాళ్లు "ఊరంతా ఇవే నీళ్లు" అని చెప్పారు, అబద్ధమని కాదు, వాళ్లెవరూ బిందె మోయలేదు, పప్పు వండలేదు. టాక్సికాలజీలో అసలు ప్రశ్న ఎంత విషం ఉందని కాదు, ఎంత లోపలికి పోయిందని. అది వంట చేసేవాళ్లకు తెలుసు.

మేడమ్‌కు చెప్తే ఆమె అన్నది ఒక్క మాట: "అయితే ఏం చేద్దామంటావ్?" నన్ను అడిగారు. ఇంటింటికీ వంట వేళకు పోయి, తాగడానికి ఏ నీళ్లు, వండడానికి ఏ నీళ్లు, చాయ్‌కి ఏ నీళ్లు అని విడివిడిగా అడగాలన్నాను. మర్నాటి నుంచి జీపు నాకిచ్చారు, ప్రశ్నల కాగితం నన్నే రాయమన్నారు.

తర్వాత హైదరాబాద్‌లో జరిగిన రివ్యూ మీటింగ్‌లో ఒక పెద్ద సార్ "ఆడవాళ్ల ముచ్చట్లు డేటా ఎట్లయితయి?" అని మేడమ్‌ను అడిగారు. ఆమె మళ్లీ అదే పని చేశారు. "ఆ స్లైడ్ ఆమెది. జవాబు ఆమె చెప్తుంది." నాకు కాళ్లు వణికాయి కానీ రెండు బోర్ల రీడింగులు పక్కపక్కన చూపించాను. సార్ ఇంకేం అడగలేదు. రిపోర్టులో నా పేరు మొదట వచ్చింది. ఇవాళ ఉద్యోగంలో నా మాటకు విలువ ఉందంటే ఆ రెండు సార్లు ఆమె నోరు మూసుకోవడమే కారణం. ఇందులో నాకు అనుమానమే లేదు.

ఫ్రాన్సిస్ కెల్సీ కథ మీ చెల్లెలికి తెలిసే ఉంటుంది. గర్భిణులు వాడితే పిల్లలు కాళ్లూ చేతులూ సరిగ్గా లేకుండా పుట్టిన మందు థాలిడోమైడ్. 1960లో అమెరికాలో ఆ మందు ఫైలు తన బల్ల మీదకొస్తే, భద్రత గురించిన ఆధారాలు చాలవని ఆపేసిన అధికారి ఆమె, మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏలో. కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా వదల్లేదు. అక్కడివరకే అందరూ చెప్తారు. ఆమె మీద ఫిర్యాదులు పోయినప్పుడు పై అధికారులు ఆమె వైపే నిలబడ్డారన్నది ఎవరూ చెప్పరు. వాళ్లు గనక "సర్లే, సంతకం పెట్టేయమ్మా" అని ఉంటే? ఇంకో తమాషా, 1936లో షికాగో యూనివర్సిటీలో ఆమెకు సీటిస్తూ వచ్చిన ఉత్తరం 'మిస్టర్' అని వచ్చింది. పేరు చూసి మగవాడనుకున్నారు. నేను ఆడదాన్నని తిరిగి రాయాలా అని అడిగితే, పిచ్చిదానా, ముందు వెళ్లి చేరు అన్నట్టు సలహా ఇచ్చాడు ఆమె పాత ప్రొఫెసర్. అదీ మెంటరింగ్.

అంత దూరం ఎందుకు, నల్లగొండ జిల్లాలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తాకే జబ్బు గురించి 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన ఇద్దరిలో ఒకరు కమలా కృష్ణస్వామి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పని చేశారు, తర్వాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. మా కాళ్ల గురించి ప్రపంచానికి చెప్పినవాళ్లలో ఒక మహిళ ఉందని మా జిల్లా స్కూళ్లలో మాకెవరూ చెప్పలేదు. మేం మేడమ్ క్యూరీ ఫొటోకే దండం పెట్టాం.

సరే, మీరడిగింది ఇంట్లో ఏం చేయాలని. ఒకటి, డబ్బు. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు, వినడానికి బాగుంటుంది. కానీ అది నెల నెలా ఒకటో తారీఖున పడుతుందనుకోకండి. నెలల తరబడి ఆగి ఒక్కసారి పడుతుంది. ఆ మధ్యలో హాస్టల్ ఫీజుకు చెల్లెలు మీకు ఫోన్ చేస్తుంది. "ఫెలోషిప్ వస్తోంది కదా, ఏం చేస్తున్నావ్ ఆ పైసలు?" అని మాత్రం అడగకండి. మా అన్న అడిగాడు, ఇప్పటికీ గుర్తుంది.

రెండు, పెళ్లి. పెళ్లి వద్దని నేను చెప్పను, నేనూ చేసుకున్నాను. కానీ యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకు 240 రోజుల దాకా ప్రసూతి సెలవు, గడువు మీద అదనంగా రెండేళ్ల వెసులుబాటు ఉన్నాయి. సంబంధాలు చూసే పెద్దలకు ఇది తెలియదు, "ఒక్కసారి మధ్యలో ఆగితే పోయినట్టే" అనుకుంటారు. ముఖ్యంగా అబ్బాయి తరఫు వాళ్లకు చెప్పండి. కొన్నేళ్లు గ్యాప్ వచ్చినా కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్‌టీ) వాళ్ల వైజ్-కిరణ్ పథకాలు మహిళా సైంటిస్టుల కోసం ఉన్నాయి. కంపెనీలో చేరాక 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుంచి చట్టంలో ఉంది, యాభై మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉండాలి. ఉండాలి అన్నాను, ఉందని కాదు. నేను చూసిన ఒక చోట క్రెష్ గదిలో పాత ప్రింటర్లు పెట్టారు. ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు" అని అడిగే మేనేజర్లు కూడా అక్కడే ఉన్నారు. అబ్బాయిల్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు, పిల్లలేదో గాలికి పుట్టినట్టు.

మూడు, ఈ పనికి ఆదివారం ఉండదు. మందు హాని చేస్తుందా అని ఎలకల మీద చేసే ఇరవై ఎనిమిది రోజుల పరీక్ష అంటే ఇరవై ఎనిమిది రోజులూ ఎలకలకు డోసు వేయాల్సిందే. సద్దుల బతుకమ్మ రోజు నేను డోసు వేసి, బరువులు రాసి, చీకటి పడ్డాక వచ్చాను. అప్పుడు బస్టాండ్‌లో ఎవరైనా వచ్చి ఎక్కించుకుంటే అదే పెద్ద సపోర్ట్. జిల్లాల నుంచి వచ్చి మధ్యలో మానేసిన ఆడపిల్లలు సబ్జెక్టు కష్టమై మానలేదు, రాత్రి బస్సు లేక, ఉన్న హాస్టల్ తొమ్మిదికి గేటు వేస్తే మానేశారు. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను.

ఇక పీహెచ్‌డీ చేయించే గైడ్‌ను వెతకడం. బాలానగర్‌లోని ఫార్మా విద్యా సంస్థ నైపర్ అయినా, లక్నోలోని టాక్సికాలజీ పరిశోధన సంస్థ ఐఐటీఆర్ అయినా, మన పాలమూరు యూనివర్సిటీ అయినా, బోర్డు మీద పేరు చూసి పోవద్దు. ఆ ల్యాబ్‌లో సీనియర్ అమ్మాయిల్ని క్యాంటీన్‌కు తీసుకెళ్లి చాయ్ తాగించి అడగమనండి: మీ పేపర్లలో మొదటి పేరు ఎవరిది? కాన్ఫరెన్స్‌లో ఎవరు మాట్లాడతారు? మీ గైడ్ దగ్గర పెళ్లైన స్కాలర్ పూర్తి చేసిందా? గైడ్ ఆడా మగా అన్నది నాకు పెద్ద విషయం కాదు. మా బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఒక లేడీ ప్రొఫెసరే, "మేం పడ్డాం, మీరూ పడండి" అనే రకం. అడిగిన మూడు ప్రశ్నలకు ఆ అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, చాయ్ డబ్బులిచ్చేసి బయటికి వచ్చేయమనండి.

ఎలకల సంగతి మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పకండి. సీటు వచ్చాక చెప్పుకోవచ్చు.