15 డిగ్రీలకే వణుకుతారా అని నవ్వేవాళ్ళకు

వేడి ప్రాంతాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు చలి అంటే ఇష్టమా, భయమా, అసలు 15 డిగ్రీలకే అంతలా ఎందుకు వణికిపోతారు అని అడిగారు.

మొదటిదానికి జవాబు చిన్నదే. మొదటి వారం పండగ. నెలల తరబడి ఎండకు మాడిన ఒంటికి ఆ చల్లగాలి తగిలితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఆ తర్వాత మెల్లగా గోడలు చల్లబడతాయి, గచ్చు చల్లబడుతుంది, మంచం చల్లబడుతుంది. అక్కడి నుంచి భయమే, వయసు మీద పడినవాళ్ళకైతే మరీను. రెండో ప్రశ్న గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. అలా నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఉద్యోగం కోసం ఒక మంచు దేశంలో నాలుగు చలికాలాలు గడిపాను. బయట మైనస్ 15 ఉన్న రోజున కూడా ఇంట్లో 21కి తగ్గేది కాదు. మందపాటి గోడలు, కిటికీకి రెండు పొరల అద్దం, తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ. లోపల బనీనుతో తిరిగేవాణ్ణి. చలి నాకు అలవాటైపోయిందని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి నాకు అలవాటైంది హీటరు.

ఐదో ఏడు చలికాలంలో సెలవు పెట్టి ఇంటికొచ్చాను. మిట్టమధ్యాహ్నం కూడా నాన్న ఉన్ని టోపీ, స్వెట్టరు, రెండు జతల సాక్సులు వేసుకుని కూర్చున్నారు. "ఇదీ ఒక చలేనా నాన్నా?" అంటూ పొట్టి చేతుల చొక్కాతో ఆయన ముందే తిరిగాను. ఆయన ఏమీ అనలేదు.

నాలుగో రోజు రాత్రి మూడున్నరకు మెలకువ వచ్చింది. చూస్తే హాల్లో లైటు వెలుగుతోంది. నాన్న కుర్చీలో కాళ్ళు రెండూ పైకి లాక్కుని, చేతులు చంకల్లో దోపుకుని కూర్చున్నారు. "మంచం మీద కాళ్ళు వెచ్చబడటం లేదురా. కింద పెడదామంటే టైల్స్ లాగేస్తున్నాయి" అన్నారు. పాదం పట్టుకుంటే సాక్సు మీద నుంచే చల్లదనం నా చేతికి ఎక్కింది. రెండు జతలూ ఊడదీసి చూస్తే వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, గోళ్ళ కింద నీలం తిరిగి ఉంది. గోరువెచ్చని నీళ్ళు తెచ్చిస్తే, వేళ్ళు కొంకర్లు పోయి గ్లాసు పట్టు దొరకలేదు. రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగారు.

మా గోడ గడియారంలో ఉష్ణోగ్రత కూడా కనిపిస్తుంది. 14. బయట కాదు, మా హాల్లో. నా మెడ మీద సన్నగా గాలి కొడుతుంటే తలెత్తి చూశాను. కిటికీ పైన వెంటిలేటరు. ఎండాకాలం వేడి బయటికి పోవాలని దానికి తలుపే పెట్టలేదు. నాన్న అందులో పాత తువ్వాలు కుక్కారు, దాని ఒక మూల ఊడి వేలాడుతోంది. స్టూలు ఎక్కి దాన్ని లోపలికి కుక్కుతుంటే తట్టింది: మైనస్ 15 చూసి వచ్చానని చెప్పుకునే నేను, ఆ నాలుగేళ్ళలో ఒక్క రాత్రి కూడా 14 డిగ్రీల గదిలో పడుకోలేదు. నాన్న ప్రతి చలికాలమూ పడుకుంటున్నారు.

అందుకే అంటాను, వేడి ప్రాంతాల చలి వీధిలో ఉండదు, ఇంట్లో ఉంటుంది. చల్లటి దేశాల్లో చలి నుంచి ఇంట్లోకి పారిపోవచ్చు. మనకు ఆ దారి లేదు. మన ఇళ్ళు ఏడాదంతా వేడిని బయటికి తోలడానికి కట్టినవి, ఆ నాలుగు వారాలు మాత్రం ఒంట్లో వేడినీ అలాగే తోలేస్తాయి.

ఇది నా బాధ మాత్రమే కాదు. ఐరోపాలో ఎనిమిది ప్రాంతాలను పోల్చిన ఒక అధ్యయనం 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బయటి ఉష్ణోగ్రత 18 నుంచి కిందికి దిగే ఒక్కో డిగ్రీకి మరణాలు గడ్డకట్టే చలి ఉండే దక్షిణ ఫిన్లాండ్‌లో 0.27 శాతం పెరిగితే, గ్రీసులోని వెచ్చటి ఏథెన్స్‌లో 2.15 శాతం పెరిగాయి. చలి ఎక్కువ ఉన్నచోట కాదు, చలికి సిద్ధంగా లేనిచోట! చర్మం చల్లబడితే రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇంటి లోపల 18 డిగ్రీలైనా ఉంటే క్షేమమని చెప్పింది, కానీ ఆ మాట కూడా చల్లటి, సమశీతోష్ణ ప్రాంతాలను ఉద్దేశించే. వేడి ప్రాంతంలో ఒక ముసలాయన గదిలో 14 ఉండొచ్చని ఎవరి ఊహకూ రాదు.

"అలవాటు పడితే సరి" అనేవాళ్ళ మీద నాకు చెప్పలేనంత కోపం. వేడికైతే ఒళ్ళు రెండు వారాల్లో సర్దుకుంటుంది, చెమట త్వరగా పడుతుంది, ఎక్కువ పడుతుంది. చలికి అంత గట్టి ఏర్పాటు మనిషి ఒంట్లో లేదు. గుడ్డలూ గోడలే దిక్కు. ఫోన్లో వాతావరణం చూసి తీర్పులు చెప్పడం ఇంకొకటి. ఆ అంకె బయటి గాలిది. ఏసీ గదిలో 18కి పెట్టుకుని హాయిగా ఉన్నామనేవాళ్ళు, అది నచ్చనప్పుడు కట్టేసుకోవచ్చన్న సంగతి మర్చిపోతారు. తెల్లవారుజామున వచ్చే చలికి స్విచ్ ఉండదు.

ఇంకోమాట, ఇది చదివేవాళ్ళు తప్పకుండా పట్టించుకోండి. తలుపులన్నీ మూసి గదిలో నిప్పుల కుంపటి పెట్టుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇల్లంతా వెచ్చగా చేయలేకపోతే ఒక్క చిన్న గదిని చేయండి, మంచం బయటి గోడకు దూరంగా జరపండి, కాళ్ళ కింద మందపాటి చాప వేయండి.

నేను తిరిగి వెళ్ళేలోపు ఆ వెంటిలేటరుకు అద్దం తలుపు పెట్టించాను. వెనక చిన్న గదిలోకి నాన్న మంచం మార్చి, ఒక ఆయిల్ హీటరు కొన్నాను. గడియారం కూడా ఆ గదిలోనే తగిలించాను. నిన్న రాత్రి ఫోన్ చేస్తే, నేను అడక్కుండానే ముందు ఆ అంకె చెప్పారు: 19.