సమాంతరం అని చెప్పాక ఇంకా సమీకరణం ఎందుకండీ?

మీరడిగిన లెక్క: ఎఫ్, జీ రెండూ రేఖీయ ప్రమేయాలు, వాటి గ్రాఫులు సమాంతర రేఖలు. ఎఫ్(2) = 5, ఎఫ్(5) = 14, జీ(1) = 4. అయితే జీ(7) ఎంత?

22. ఎక్స్ 2 నుంచి 5కి వెళ్తే ఎఫ్ తొమ్మిది పెరిగింది, అంటే వాలు (ఎక్స్ ఒకటి పెరిగితే వచ్చే పెరుగుదల) 3. రేఖలు సమాంతరం కాబట్టి జీ వాలూ అదే. ఎక్స్ 1 నుంచి 7కి ఆరు పెరుగుతుంది కనుక జీ 18 పెరుగుతుంది. 4కి 18 కలపండి, అంతే. వై = ఎంఎక్స్ + సీ (ఎం అంటే వాలు, సీ అంటే ఎక్స్ సున్నా అయినప్పటి విలువ) రాసి, సీ కనుక్కుని, మళ్లీ 7 ప్రతిక్షేపించడం పేజీ నింపడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మా అక్క చిన్న కూతురి ఓణీల ఫంక్షన్‌కి భోజనాల బేరం జరుగుతోంది. మొదటి క్యాటరింగాయన 100 మందికి 23,000, 150 మందికి 33,000 అన్నాడు. ప్లేటు రేటు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. రెండో ఆయన 100 మందికి 25,500 చెప్పి, "ప్లేటు దగ్గర ఆయనకీ నాకూ తేడా లేదండీ, సామాన్లు, వ్యాను ఖర్చే వేరు" అన్నాడు. మాకు వచ్చేది 240 మంది. ఇంటర్ ఎంపీసీ చదివే పెద్దమ్మాయి కాగితం తీసి సమీకరణం మొదలెట్టింది. మా బాబాయి వక్కపొడి నములుతూనే "యాభై మందికి పదివేలు, మనిషికి రెండొందలు. ఇంకో నూట నలభై మందికి ఇరవై ఎనిమిది వేలు. మొత్తం యాభై మూడున్నర వేలు" అనేశాడు. "ముందు సీ కనుక్కోవాలి కదా తాతయ్యా!" అందిది. "అదెవరే?" అన్నాడాయన. ఆ సీ, అంటే ఇక్కడ సామాన్లు, వ్యాను ఖర్చు, ఎంతో ఆయన అడగనే లేదు, ఆ అవసరమూ రాలేదు.

ఇంకో సంగతి చూడండి. 100 మంది దగ్గర ఇద్దరి మధ్య తేడా 2,500. 240 దగ్గరా అంతే (మొదటాయనది 51,000 అవుతుంది). వాలులు సమానం అంటే ఎక్స్ ఎంతైనా తేడా మారదు. మీ లెక్కలో ఎఫ్(1) = 2, జీ(1) = 4, తేడా 2. ఎఫ్(7) = 20 కాబట్టి జీ(7) = 22. ఇలా సరిచూసుకోవచ్చు.

అయితే ఈ 2ని రేఖల మధ్య దూరం అనుకోకండి. ఇది నిలువుగా కొలిచిన తేడా. లంబ దూరం, అంటే రేఖలకి 90 డిగ్రీల్లో కొలిచేది, 2/√10. ఇంటర్ ఫస్టియర్‌లో సరళరేఖల పాఠం దగ్గర పిల్లలకి ఈ లంబదూరం సూత్రాన్ని బట్టీ పట్టిస్తారు గానీ, కింద ఆ వర్గమూలం ఎందుకొచ్చిందో బొమ్మ గీసి చూపించేవాళ్లు తక్కువ. వేలకి వేలు ఫీజులు కట్టించుకుని చేతిలో పెట్టేదేమో షార్ట్‌కట్ల పుస్తకం. అందులో ఈ లెక్కకీ ఓ సూత్రం ఉండే ఉంటుంది, కావాలంటే వెతకండి.