జుకిని పిందెలు వేలంత కాగానే ఎందుకు కుళ్లిపోతున్నాయి?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం. నవంబరు రెండో వారంలో అర ఎకరంలో మల్చింగ్ షీట్ వేసి డ్రిప్ మీద జుకిని (కీరదోసలా కనిపించే గుమ్మడి జాతి కూరగాయ) పెట్టాను. మొక్కలు ఏపుగా ఉన్నాయి, పూత బాగుంది. కానీ పిందె వేలంత కాగానే కొస పసుపు పచ్చబడి, మెత్తబడి రాలిపోతోంది. పదింటిలో నాలుగు కూడా నిలవడం లేదు. ఆకుల మీద వెండి మచ్చలు కూడా ఉన్నాయి. షాపులో తెగులన్నారు. మూడు వారాలుగా, వారానికి రెండుసార్లు ఉదయం 7 గంటలకే మందు కొడుతున్నాను, తగ్గలేదు. హార్మోన్ మందు కొడితే ఆడపూలు పెరుగుతాయంటున్నారు, కొట్టమంటారా? వచ్చే ఏడు రెండెకరాలకు పెంచాలని ఉంది. ఫొటోలు పంపుతున్నాను, సలహా ఇవ్వగలరు.

జవాబు: ముందుగా రేపటి నుంచి ఉదయం పూట మందు కొట్టడం ఆపేయండి. మీరు రాసినదాన్ని బట్టి, ఫొటోల్లో కనిపిస్తున్నదాన్ని బట్టి ఇది తెగులు కాదు. పిందెకు పుప్పొడి అందడం లేదు.

జుకినిలో ఒకే మొక్కకు మగపూలు, ఆడపూలు విడివిడిగా వస్తాయి. మగపువ్వు సన్నటి పొడవాటి కాడ మీద నిలబడి ఉంటుంది. ఆడపువ్వు కింద చిటికెన వేలంత పిందె ముందే ఉంటుంది. అందుకే పువ్వు విచ్చకముందే కాయ పడిందని సంబరపడతాం. అది ఇంకా కాయ కాదు. పుప్పొడి అందితేనే పెరుగుతుంది, లేకపోతే రెండు మూడు రోజుల్లో కొస నుంచి వాడిపోతుంది. ఈ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. తేనెటీగ మోసుకురావాల్సిందే. పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. ఒక్కో ఆడపువ్వు మీద తేనెటీగలు ఒకసారి వాలితే చాలదు, పలుమార్లు వాలాలి. అరకొరగా అందితే కాయ తొడిమ దగ్గర లావుగా, కొస దగ్గర సన్నగా వంకర తిరుగుతుంది. మీ ఫొటోల్లో అలాంటి కాయలు మూడు నాలుగు కనిపించాయి. నా అనుమానం మొదలైంది వాటిని చూసే.

ఇప్పుడు మీ చేను సంగతి చూడండి. జనవరి మొదట్లో మీ వైపు పొద్దున చలి, మంచు. ఎండ తగిలేదాకా తేనెటీగలు గూడు కదలవు. పాపం, అవి బయల్దేరి చేనుకు వచ్చేవేళకు పూల నిండా మందు ఉంటోంది. కొన్ని చనిపోయి ఉంటాయి, మిగిలినవి ఆ వాసనకు పక్కకు తప్పుకుని ఉంటాయి. రాలుడు ఆగలేదని మీరు ఇంకో విడత కొట్టారు. ఇందులో మీ తప్పేమీ లేదు, తెగులని చెబితే ఎవరైనా మందే కొడతారు. కానీ మందుకు పెట్టిన ఖర్చే పంటను తినేస్తోంది.

నా మాట మీదే నమ్మనక్కర్లేదు, మీ చేలోనే తేల్చుకోండి. సాయంత్రం వెళ్లి, మర్నాడు విచ్చబోయే ఆడమొగ్గలు ఇరవై చూసుకోండి. అవి ఉబ్బి, కొస నారింజ రంగుకు తిరిగి ఉంటాయి. పొద్దున అవి విచ్చగానే, అప్పుడే విచ్చిన మగపువ్వు ఒకటి కోసి దాని రేకులు తుంచేయండి. మధ్యలో పసుపు పొడి అంటిన కాడ మిగులుతుంది. దాన్ని ఆడపువ్వు నడిమి గుబ్బలకు అన్ని వైపులా తగిలేలా మెల్లగా రుద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. ఇలా పదింటికి చేసి ఎర్రదారం కట్టండి. మిగతా పదింటికి ఏమీ చేయకుండా తెల్లదారం కట్టండి. నాలుగైదు రోజుల్లో తేడా కంటికే తెలుస్తుంది.

మూడు వారాలుగా మందు కొట్టిన చేను కాబట్టి తేనెటీగలు వెంటనే తిరిగి రాకపోవచ్చు. అందాకా కూలీల చేత ఉదయం ఇలా చేతి పరాగ సంపర్కం చేయించండి. అర ఎకరమే కనుక సాధ్యమే. దొరికితే ఒక తేనె పెట్టె అద్దెకు తెచ్చి, సాయంత్రం పూట చేను గట్టున నీడలో దించండి. దించే ముందు పక్క రైతులతో మాట్లాడుకోండి, వాళ్లు పొద్దున మందు కొట్టినా పెట్టె ఖాళీ అవుతుంది. రసం పీల్చే పురుగుకని మొక్క మొదట్లో పోసే మందులతో కూడా జాగ్రత్త. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి వేరు ద్వారా ఎక్కి పుప్పొడిలోకీ పూతేనెలోకీ చేరతాయి. కొట్టక తప్పదనుకున్నప్పుడు పూలు ముడుచుకున్నాక, సాయంత్రం పొద్దుగూకే వేళే కొట్టండి.

నిజంగా కుళ్లు అయితే గుర్తులు వేరుగా ఉంటాయి. వాన పడ్డాకో, ముసురు పట్టినప్పుడో వాడిన పువ్వు మీద, పిందె కొస మీద గుండుసూదులు గుచ్చినట్టు నల్ల తలల బూజు లేస్తుంది. అది శిలీంద్రం పని. అలాంటి పిందెలు ఏరి చేను బయట పూడ్చేయాలి, మొక్కల మధ్య గాలి ఆడనివ్వాలి. కాయ కొస గోధుమ రంగుకు తిరిగి తోలులా గట్టిపడి లోపలికి గుంట పడితే కాల్షియం అందలేదని అర్థం. సాధారణంగా నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఇచ్చే చోట ఇది వస్తుంది. మీ ఫొటోల్లో ఈ రెండూ లేవు.

వెండి మచ్చల గురించి. చాలా జుకిని రకాల్లో ఆకు ఈనెల మధ్య వెండి మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. అన్ని ఆకుల్లో ఒకే తీరుగా ఉండి, వేలితో తుడిస్తే పోకపోతే అది రకం గుణం. బూడిద తెగులైతే ముదురాకుల మీద గుండ్రటి తెల్ల మచ్చలుగా మొదలై, తుడిస్తే పొడి వేలికి అంటుతుంది. అయితే ఈనెల వెంబడి వెండిరంగు పాకి ఆకంతా తెల్లబడుతుంటే ఆకు తిప్పి కింద తెల్లదోమ ఉందేమో చూడండి. ఉంటే పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి, సాయంత్రం వేపనూనె కొట్టండి.

నాకు అంతకంటే భయం వైరస్ తెగుళ్లతోనే. ఆకులు బొబ్బలెక్కి, చీలికలై, కాయ మీద బొడిపెలు వస్తే ఆ మొక్కను మందుతో బాగుచేయలేం. జుకినిని పట్టే వైరస్‌లలో కొన్నింటిని పేనుబంక అనే రసం పీల్చే పురుగు ఆకు మీద ఒక్కసారి నోరు పెట్టగానే అంటిస్తుంది, మందు తగిలి అది చచ్చేలోపే పని అయిపోతుంది. అందుకే అలాంటి మొక్క కనబడ్డ రోజే పీకేయండి. పేనుబంకను అడ్డుకోవడానికి వచ్చే పంటకు చుట్టూ రెండు మూడు వరుసల జొన్నగానీ మొక్కజొన్నగానీ ముందే వేసుకోండి, మల్చింగ్ షీట్ వెండి వైపు పైకి ఉంచండి.

హార్మోన్ మందు వద్దు. ఇథ్రెల్ కొడితే ఆడపూలు పెరుగుతాయన్నది నిజమే. కానీ దాన్ని రెండు నుంచి నాలుగు ఆకుల దశలో కొట్టాలి, ఇప్పుడు కాదు. పైగా మగపూలు తగ్గిపోతాయి. మీకు ఆడపూలు చాలినన్ని ఉన్నాయి, కొరతంతా పుప్పొడికే.

మీ ఫొటోల్లో ఇంకొకటి చూశాను: మూరెడు పొడవున రెండు కాయలు మొక్క మీదే ఉన్నాయి. వాటిని ఈరోజే కోసేయండి. కాయ ముదిరిందంటే మొక్క తన బలమంతా దాని గింజలకే పెడుతుంది, కొత్త పిందెలు నిలవవు. పువ్వు విచ్చిన 4 నుంచి 7 రోజుల్లో, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుండగానే కోయాలి. కాపు జోరు మీదున్నప్పుడు రోజూ, లేదంటే రోజు విడిచి రోజు. చేత్తో తిప్పి తెంపకుండా కత్తితో కాస్త తొడిమ ఉంచి కోయండి. తోలు చాలా లేత, గోరు తగిలినా మచ్చ పడుతుంది. మచ్చపడ్డ కాయను హోటల్ వాళ్లు పక్కన పెట్టేస్తారు. గోతాల్లో కాదు, కాగితం పరిచిన క్రేట్లలో పంపండి. చేదుగా ఉన్న కాయ తగిలితే మాత్రం తినొద్దు, అమ్మొద్దు, ఆ చేదు మనిషికి హాని చేస్తుంది. ఈ పంట నుంచి గింజ దాచి మళ్లీ వేయకండి.

ఇక రెండెకరాల మాట. వరుసకూ వరుసకూ 5 అడుగులు, మొక్కకూ మొక్కకూ 2 అడుగులు అనుకుంటే ఎకరానికి సుమారు 4,300 మొక్కలు. మొక్కకు వారానికి రెండే కాయలు, కాయ 200 గ్రాములే అనుకున్నా ఎకరానికి వారానికి 17 క్వింటాళ్లు. రెండెకరాలు ఒకేసారి కాపుకొస్తే వారానికి 34 క్వింటాళ్లు. అంత సరుకు హైదరాబాద్‌లో మీ దగ్గర ఎవరు తీసుకుంటారు? టమాటా అయితే ఎంత పండినా ఏదో ఒక ధరకు పోతుంది. జుకినిని మన ఇళ్లలో ఇంకా కూరగాయల లెక్కలో చేర్చలేదు. బీరకాయలా పప్పులో వేసినా రుచిగానే ఉంటుంది, కానీ ఆ అలవాటు రావాలి. ఇప్పటికి కొనేది హోటళ్లు, సూపర్ మార్కెట్లు, ఆన్‌లైన్ వాళ్లు. వాళ్లతో వారానికి ఎంత కావాలో ముందే మాట్లాడుకోండి. ఆ లెక్కను బట్టి మూడు వారాలకొకసారి పావెకరం, అర ఎకరం చొప్పున విడతలుగా వేయండి. అక్టోబరు మొదలుకొని డిసెంబరు దాకా వేయొచ్చు. సమ్మర్ స్క్వాష్ అని పేరున్నా ఇది మన ఎండాకాలం పంట కాదు, ఆ పేరు చలిదేశాల వేసవిది. మన ఎండలకు మగపూలు మితిమీరతాయి, తెల్లదోమ పెరుగుతుంది, వైరస్ వెంటే వస్తుంది. పాలీహౌస్‌లోగానీ నెట్‌హౌస్‌లోగానీ వేద్దామని ఎవరైనా అంటే, తేనెటీగ అక్కడికి ఎలా వస్తుందో ముందు అడగండి. పుప్పొడి లేకుండానే కాయ పట్టే రకాలున్నాయి, లోపల వేస్తే అవే వేయాలి.

దారాలు కట్టిన ఐదో రోజున, ఎర్రవి ఎన్ని నిలిచాయో తెల్లవి ఎన్ని నిలిచాయో లెక్కపెట్టి రాయండి. ఉదయం 7 నుంచి 9 దాకా చేలో తిరిగి, పూల మీద తేనెటీగలు వాలుతున్నాయా లేదా కూడా చూడండి. తేనె పెట్టె ఒకటి చాలా, ఇంకోటి కావాలా అన్నది అది చూశాక చెబుతాను.