కారుకు కడిగి వాడుకునే ఎయిర్ ఫిల్టర్ మంచిదా, పేపర్ ఫిల్టర్ చాలా?

రోజూ ఆఫీసుకు తిరిగే కారైతే పేపర్ ఫిల్టరే పెట్టించండి. ఇంజిన్‌లోకి దుమ్ము పోకుండా చూడటమే ఫిల్టర్ అసలు పని. సన్న దుమ్మును ఆపడంలో మడతల పేపర్‌దే పైచేయి. కాస్త దుమ్ము పట్టాక ఇంకా బాగా వడకడుతుంది, కాబట్టి కొంచెం మాసినట్టు కనిపించగానే తీసేయక్కర్లేదు.

కడిగి వాడే ఫిల్టర్లలో ఎక్కువగా కనిపించేది నూనె పట్టించిన నూలు పొరల రకం. గాలి సులువుగా పోతుంది, కానీ సన్న రేణువులూ కొన్ని దాటిపోతాయి. అవే పిస్టన్ రింగుల్ని, సిలిండర్ గోడల్ని అరగదీస్తాయి. పైగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె సమంగా పట్టించాలి. తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే ఆ జిడ్డు, ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మీద పేరుకుని చెక్ ఇంజిన్ లైట్ వెలగొచ్చు. ఇంత ఓపిక చాలామందికి ఉండదు.

కడిగి వాడే ఫిల్టర్‌తో గాలి సులువుగా పోయి మైలేజీ పెరుగుతుందన్న మాట నమ్మకండి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009 నివేదిక ప్రకారం, ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పెద్దగా మారలేదు, పికప్ మాత్రం తగ్గింది.

మట్టిరోడ్ల మీద, క్వారీ లారీల వెనక తిరిగేవాళ్లు మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల కంటే ముందే మార్చేయండి. పేపర్ ఫిల్టర్‌ను నీళ్లతో మాత్రం కడగొద్దు.