నాన్న మాటకు యాప్ 46 శాతమే ఇచ్చింది.. నమ్మొచ్చా?

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్‌కు మందులు వాడుతున్నారు. ఈమధ్య గొంతు పీలగా, మాట ముద్దగా వస్తోంది. ఇంట్లో మాకు అర్థమవుతూనే ఉంది. ఫోన్‌లో ఒక ఏఐ యాప్‌తో చూస్తే మాట స్పష్టత 46 శాతమేనంది. జబ్బు ముదిరినట్టేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

న్యూరాలజిస్టు జవాబు: ఆ ఒక్క అంకె చూసి జబ్బు ముదిరిందని బెంగపడకండి. అలాగని మీకు అర్థమవుతోంది కదా అని ఊరుకోనూ వద్దు.

ఇలాంటి యాప్‌లలో చాలావరకు మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేరే ఉంటుంది. చదివిన వాక్యంలో ఎన్ని పదాలు దానికి సరిగ్గా అందాయో లెక్కగట్టి శాతం చెబుతుంది. చిక్కేమిటంటే, అది నేర్చుకున్నది ఎక్కువగా ఆరోగ్యవంతుల గొంతుల నుంచి. ముద్దమాటల రికార్డింగులే తక్కువ. పరిశోధకులు తరచూ వాడే ముద్దమాటల రికార్డింగుల సేకరణలు యూఏ-స్పీచ్, టోర్గో రెండూ ఇంగ్లిష్‌వే. మీ నాన్నగారి గోదావరి యాస దానికి కొత్త. పైగా పార్కిన్సన్స్ గొంతు నెమ్మది కాబట్టి ఫ్యాన్ చప్పుడుకే మునిగిపోతుంది. దీనికి పూర్తి వ్యతిరేకం కూడా జరగొచ్చు. కొన్ని యాప్‌లు సందర్భాన్ని బట్టి తర్వాతి పదం ఊహించి, లేని స్పష్టతకూ మార్కులు వేసేస్తాయి.

మీ చెవులూ అంతే, అలవాటు పడిపోయాయి. అందుకే స్పీచ్ థెరపిస్టులు కొత్తవాళ్లకు వినిపించి, అర్థమైనంత రాయించి పదాలు లెక్కపెడతారు. మీరూ చేయొచ్చు: ఆయన చదివిన పది వాక్యాలు రికార్డు చేసి, అవేమిటో తెలియని బంధువుకు పంపి రాయమనండి.

యాప్ వాడదలిస్తే ఆయన్ను ఆయనతోనే పోల్చండి. వారానికోసారి, అదే ఫోన్, అదే దూరం, ఫ్యాన్ ఆపి, మాత్ర వేసుకున్నాక అంతే సమయానికి. నెలల తరబడి దిగజారుతుంటే ఆ రికార్డింగులు డాక్టరుకు వినిపించండి.

పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రధాన మందు లెవోడోపా ఒళ్లు బిగుసుకుపోవడాన్ని తగ్గించినంతగా మాటను బాగుచేయదు. గట్టిగా మాట్లాడటం నేర్పే ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనే శిక్షణ బాగా పనిచేస్తుంది. వారానికి 4 రోజులు, గంట చొప్పున 4 వారాలు. మొదట్లో ‘అరుస్తున్నానేమో’ అని చాలామంది మొహమాటపడతారు. నిజానికి అప్పుడే మామూలు గొంతుకు చేరతారు.

నీళ్లు తాగితే పొలమారుతోందా? అలా ఉంటే మింగడం కూడా పరీక్ష చేయించాలి, ఆలస్యం వద్దు. ఎప్పుడైనా మాట ఉన్నట్టుండి తడబడినా, మూతి వంకర పోయినా యాప్ తెరవకండి, 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావొచ్చు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.