మన డీఎన్‌ఏలో పాత వైరస్‌లు ఉన్నాయట... కడుపులో బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. ఇప్పుడు అయిదో నెల. మన డీఎన్‌ఏలో 8 శాతం పాతకాలపు వైరస్‌లదేనని, శాస్త్రవేత్తలు వాటికి మ్యాపులు తయారు చేస్తున్నారని ఈ మధ్య ఫోన్‌లో ఒక వార్త చదివాను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మా మేనమామ ఆరేళ్ల కిందట హెచ్‌ఐవీతో చనిపోయారు. అది మా అమ్మ వైపు రక్తంలోనే ఉందేమో, నా ద్వారా బిడ్డకు వస్తుందేమో అని టెన్షన్‌గా ఉంది. డీఎన్‌ఏ టెస్టు చేస్తే ఒంట్లో దాగిన వైరస్‌లన్నీ తెలుస్తాయని ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన చూశాను. చేయించుకోమంటారా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఆ 8 శాతం నాలోనూ ఉంది. మీ వారిలో, మీ అత్తమామల్లో, మీకు ఆ టెస్టు అమ్మజూపుతున్న వాళ్లలో కూడా ఉంది. ఇది మీ అమ్మగారి వైపు నుంచి ప్రత్యేకంగా వచ్చింది కాదు. మనిషిగా పుట్టిన ప్రతి ఒక్కరికీ వచ్చిందే. మీ బిడ్డకూ వస్తుంది. అందువల్ల బిడ్డకు ఏ హానీ లేదు. ఎందుకు లేదో కాస్త వివరంగా చెబుతాను. ఊరికే 'భయపడకండి' అంటే మీకు నిద్ర పట్టదని నాకు తెలుసు.

మన డీఎన్‌ఏను 300 కోట్లకు పైగా అక్షరాలున్న పుస్తకం అనుకోండి. మన ఒంటికి కావలసిన ప్రొటీన్లు ఎలా తయారు చేయాలో చెప్పే భాగం అందులో 2 శాతం కూడా ఉండదు. పాత వైరస్‌ల అవశేషాలు మాత్రం దాదాపు 25 కోట్ల అక్షరాల మేర ఉన్నాయి. 2001లో మానవ జన్యుపటం తొలి ప్రతి అచ్చయినప్పుడే ఈ సంగతి బయటపడింది.

అవి లోపలికి ఎలా వచ్చాయి? రెట్రోవైరస్‌లు అనే రకం వైరస్‌లు ఉన్నాయి. ఇవి తమ ఆర్‌ఎన్‌ఏను (ఈ వైరస్‌ల జన్యు సమాచారం ఉండే పదార్థం) డీఎన్‌ఏగా మార్చి, తాము దూరిన కణం డీఎన్‌ఏలో అతికించేస్తాయి. ఇలా మార్చే ఎంజైమును 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఎవరికి వారు విడిగా కనుగొన్నారు. 1975లో వారికి నోబెల్ వచ్చింది. మామూలుగా అయితే వైరస్ అతుక్కున్న కణం చచ్చిపోతే ఆ అతుకూ దానితోనే పోతుంది. కానీ కోట్ల ఏళ్ల కిందట, ఇంకా మనిషే పుట్టని కాలంలో, మన పూర్వీకులైన జంతువుల అండంలోనో వీర్యకణంలోనో కొన్ని వైరస్‌లు అతుక్కున్నాయి. అలాంటి కణం నుంచి పుట్టిన పిల్లకు ఒళ్లంతా ఆ అతుకు ఉంటుంది. దాని పిల్లలకూ వస్తుంది. ఆస్ట్రేలియాలోని కోలా అనే జంతువుల్లో ఈ పని ఇప్పుడు మన కళ్ల ముందే జరుగుతోంది.

మనలో ఉన్నవి మాత్రం ఏనాడో చితికిపోయాయి. తరతరాలుగా వాటి అక్షరాలు చెరిగిపోయాయి. చాలా చోట్ల అసలు వైరస్ జన్యువులే లేవు, అంచు ముక్క ఒక్కటే మిగిలింది. పైగా మన కణాలు వాటి మీద రసాయన గుర్తులు పెట్టి, తెరుచుకోకుండా మూసి ఉంచుతాయి. మనిషి డీఎన్‌ఏలో ఉన్న ఈ పాత రెట్రోవైరస్‌లలో మళ్లీ లేచి మరొకరికి అంటుకోగలిగినది ఒక్కటీ ఇంతవరకు కనబడలేదు.

ఇక మీకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇప్పుడు మీ కడుపులో బిడ్డను సాకుతున్న మాయ ఉంది కదా, దాని తయారీలో ఈ పాత వైరస్‌ జన్యువులు పనిచేస్తున్నాయి. మాయ మీద, మీ రక్తం తగిలే వైపున, ఒక పలుచని పొర ఉంటుంది. అందులో కణాల మధ్య గోడలుండవు. వేల కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే పొరగా మారతాయి. మీ రక్తంలోని ఆక్సిజన్, చక్కెర ఆ పొర దాటే బిడ్డకు చేరతాయి. మొదట్లో మీరు ఇంట్లో కిట్‌తో చూసుకున్నప్పుడు రెండు గీతలు కనిపించాయి కదా, ఆ గీత చూపించే హెచ్‌సీజీ హార్మోన్ కూడా ఆ పొరలోనే తయారవుతుంది. కణాలు అలా కలిసిపోవడానికి సిన్సిటిన్ అనే ప్రొటీన్ కావాలి. దాని జన్యువు మన ఏడో క్రోమోజోమ్ మీద ఉంది. 2000 సంవత్సరంలో శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, అది ఒకప్పుడు ఒక వైరస్ పైతొడుగు ప్రొటీన్ అని తేలింది. సుమారు 2.5 కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకుల్లోకి వచ్చిన వైరస్ అది. అప్పట్లో ఆ ప్రొటీన్ వైరస్‌ను కణంతో కలిపేది. ఇప్పుడు అదే ప్రొటీన్ మాయలో కణాన్ని కణంతో కలుపుతోంది. ఆరో క్రోమోజోమ్ మీద ఇలాంటిదే ఇంకొకటి ఉంది. ఎలుకలకు వేరే పాత వైరస్ నుంచి వచ్చిన ఇలాంటి జన్యువులున్నాయి. వాటిలో ఒకదాన్ని తీసేసి చూస్తే పిల్లలు కడుపులోనే చనిపోయాయి. ఇరవై ఏళ్లుగా కాన్పులు చేస్తున్నాను. మాయ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఈ విషయమే గుర్తొస్తుంది.

మీరు చదివిన మ్యాపుల వార్త గురించి కూడా చెబుతాను. ఈ ముక్కలు వేల చోట్ల ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒక ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు వందమంది ఉంటే ఉత్తరం ఎవరిదో పోస్ట్‌మ్యాన్‌కు ఎలా తెలుస్తుంది? ఇక్కడా అదే చిక్కు. డీఎన్‌ఏను చిన్న చిన్న ముక్కలుగా చదివే పాత పద్ధతుల్లో ఏ ముక్క ఎక్కడిదో తేలేది కాదు. పొడవాటి ముక్కలుగా చదివే యంత్రాలు వచ్చాక, 2022లో ఖాళీలు లేని పూర్తి జన్యుపటం వచ్చింది. 2025లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం వారు, మరికొందరు పరిశోధకులతో కలిసి, ఈ వైరస్ ముక్కల్లో ఎంఈఆర్11 అనే ఒక గుంపును మళ్లీ సర్వే చేశారు. పాత వర్గీకరణను పక్కన పెట్టి, ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నదాన్ని బట్టి నాలుగు ఉపగుంపులుగా విడదీశారు. అన్నిటికన్నా కొత్తగా వచ్చిన గుంపు, పక్కనున్న జన్యువులను పనిచేయించే స్విచ్‌లా బలంగా పనిచేయగలదని తేలింది. మ్యాప్ అంటే ఇదీ. ఎవరికి ఏ జబ్బు ఉందో చెప్పే జాబితా కాదు.

మరి వీటికీ జబ్బులకూ సంబంధమే లేదా అంటే, పరిశోధన జరుగుతోంది. మల్టిపుల్ స్క్లెరోసిస్, ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుల్లో, కొన్ని క్యాన్సర్లలో ఈ మూసి ఉండాల్సిన ముక్కలు కొంత తెరుచుకున్నట్టు కనిపించింది. కాకి వాలగానే తాటిపండు పడితే కాకి వల్లే పడిందనలేం. వీటి వల్ల జబ్బు వచ్చిందో, జబ్బు వల్ల ఇవి తెరుచుకున్నాయో ఇంకా తేలలేదు. గర్భిణుల్లో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియాలో మాయలో సిన్సిటిన్ తగ్గినట్టు కొన్ని అధ్యయనాలు చెప్పాయి. దానికి కూడా మీరు డీఎన్‌ఏ టెస్టు చేయించుకోనక్కర్లేదు. బీపీ చూపించుకుంటే చాలు. 140/90 లేదా అంతకు మించి వచ్చినా, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ఆ ప్రకటన చూసి డబ్బు పోగొట్టుకోకండి. ఈ 8 శాతాన్ని చదివి మీకు గానీ బిడ్డకు గానీ వైద్యం మార్చగలిగే పరీక్ష ఇవాళ ఏదీ లేదు. అయిదో నెల కాబట్టి, బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో చూసే టిఫా స్కాన్ చేయించారో లేదో చూసుకోండి. 18–22 వారాల మధ్య అది ముఖ్యం. షుగర్ పరీక్ష, ఐరన్ మాత్రలు మరిచిపోవద్దు. మీ కుటుంబంలో నిజంగా వంశపారంపర్య జబ్బు ఏదైనా ఉంటే మాత్రం హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అక్కడ జన్యు సలహా తీసుకోవచ్చు.

మీ మేనమామ గారి విషయానికి వస్తాను. మీ అసలు భయం అదేనని అర్థమైంది. హెచ్‌ఐవీ కూడా రెట్రోవైరసే. అందుకే మీరు రెండింటినీ కలిపి ఆలోచించారు. హెచ్‌ఐవీ అతుక్కునేది రక్తంలోని రోగనిరోధక కణాల్లో. అండం, వీర్యకణాల డీఎన్‌ఏ ద్వారా అది వంశంలోకి దిగదు. అది మనుషుల్లోకి వచ్చి ఇంకా వందేళ్లు దాటి ఎక్కువ కాలం కాలేదు. రక్తం, లైంగిక సంబంధం, కలుషితమైన సూదులు, లేదా హెచ్‌ఐవీ ఉన్న తల్లి నుంచి గర్భంలో, కాన్పులో, పాల ద్వారా బిడ్డకు అంటుకుంటుంది. మేనమామకు ఉన్నంత మాత్రాన మేనకోడలికి రాదు. అయినా మీ మనసు కుదుటపడాలంటే, గర్భిణిగా పేరు నమోదు చేయించుకున్నప్పుడు చేసిన రక్త పరీక్షల కాగితం తీసి చూడండి. అందులో హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది. లేకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా చేస్తారు.

మీ ఉత్తరంలో లేని ఒక మనిషి గురించి అడగాలనుంది. మీ అత్తయ్య, అంటే మేనమామ గారి భార్య, పరీక్ష చేయించుకున్నారా? ఆయన పోయి ఆరేళ్లయిందన్నారు. ఇది జన్యువుల్లో రాదు గానీ భర్త నుంచి భార్యకు రావచ్చు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఉండవచ్చు. వాళ్ల పిల్లలు ఆయనకు ఈ ఇన్ఫెక్షన్ ఉన్న కాలంలో పుట్టి ఉంటే వాళ్లకూ చేయించాలి. ఇలాంటి ఇళ్లలో ఎవరూ ఈ మాట ఎత్తరు. ఎత్తితే బాధపడతారేమోనని అందరూ మౌనంగా ఉంటారు. మీరు మేనకోడలు కాబట్టి చనువుగా అడగగలరు. పేరు చెప్పకుండా మాట్లాడాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. పాజిటివ్ వచ్చినా, హెచ్‌ఐవీకి చికిత్స చేసే ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. రోజూ వేసుకుంటే మామూలు మనుషుల్లాగే చాలా ఏళ్లు బతుకుతారు. ఈ వారంలోనే ఆవిడను కలవండి.